నీరూ కట్టా: డ్యామ్ ప్రైవేటుదైతే కాపలా ఎవరిది?

ఈసారి ఉత్తరాల్లో ఒకటి మిషిగన్ నుంచి వచ్చింది. అది చదివాక, మిగతా వాటిలో కూడా దానికి దగ్గరగా ఉన్నవే ఏరాను. అన్నిటిలోనూ సంగతి ఒకటే. కట్ట ఒకరిది, దాని కింద బతికేవాళ్లు వేరు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ విషయం దగ్గర నేను త్వరగా ఆగలేను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటే మన్నించండి.

ప్రశ్న: సార్, నమస్తే. మేం మిషిగన్‌లో ఉంటున్నాం. ఒక చిన్న సరస్సు ఒడ్డున ఇల్లు చూశాం. మావారికి తెగ నచ్చేసింది. ఆ సరస్సుకు ఉన్న డ్యామ్ దాదాపు వందేళ్ల కిందటిదట, ఎవరో ప్రైవేటు ఓనర్‌దట. "ఇక్కడ ఇది మామూలే, టెన్షన్ పడకండి" అన్నాడు ఏజెంటు. కానీ 2020లో మిడ్‌ల్యాండ్ దగ్గర డ్యామ్ తెగిన వీడియో చూసినప్పటి నుంచి నాకు మనసొప్పడం లేదు. ఈ ఇల్లు కొనొచ్చా? – ఒక పాఠకురాలు, మిషిగన్

అమ్మా, ఏజెంటు చెప్పిన దాంట్లో సగం నిజమే. అమెరికా ప్రభుత్వ జాబితాలో 90 వేలకు పైగా డ్యాములుంటే, సగానికి పైగా ప్రైవేటువే. పిండిమరకో, కరెంటుకో, చేపలకో, సరస్సు ఒడ్డున ఇళ్ల స్థలాలు అమ్ముకోవడానికో ఎవరో ఎప్పుడో కట్టుకున్నారు. చాలాచోట్ల ఆ అవసరం తీరిపోయింది, కట్ట మిగిలిపోయింది. ఇక "టెన్షన్ పడకండి" అన్న మాటంటారా, డ్యామ్ కాగితాలు చూడకుండా ఆ మాట అనే హక్కు ఆయనకూ లేదు, నాకూ లేదు.

మీరు చూసిన వీడియో ఈడెన్‌విల్ డ్యామ్‌ది. దాని కథ మీకు పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే మీరు అడగాల్సిన ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి.

టిటబవాసీ, టొబాకో అనే రెండు నదులు కలిసే చోట 1920లలో కరెంటు కోసం కట్టిన మట్టికట్ట అది. 54 అడుగుల ఎత్తు, మైలుకు పైగా పొడవు. వెనక విక్సమ్ సరస్సు, దాని చుట్టూ ఇళ్లు, పడవలు. అదే నది మీద ఒకే కంపెనీ చేతిలో నాలుగు డ్యాములుండేవి. పైన సికార్డ్, స్మాల్‌వుడ్, తర్వాత ఈడెన్‌విల్, కింద శాన్‌ఫర్డ్. ఇంకా కిందికి వెళ్తే మిడ్‌ల్యాండ్ పట్టణం, అక్కడే డౌ కెమికల్ కంపెనీ.

కరెంటు అమ్ముకునే డ్యామ్ కాబట్టి దాని లైసెన్సు ఫెర్క్ అనే కేంద్ర సంస్థ చేతిలో ఉండేది. అతి పెద్ద వరద వస్తే ఎంత నీరొస్తుందో లెక్కగడితే, అందులో సగం మాత్రమే ఈ డ్యామ్ గేట్లు వదలగలవు. మిగతా సగానికి దారి చేయమని ఫెర్క్ ఏళ్ల తరబడి అడిగింది. డబ్బుల్లేవని ఓనరు వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి 2018 సెప్టెంబరులో ఫెర్క్ లైసెన్సు రద్దు చేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. లైసెన్సు పోతే కరెంటు అమ్మడానికి వీల్లేదు. అంటే ఆ డ్యామ్‌కు ఉన్న ఒకే ఒక్క రాబడి పోయింది. డ్యామ్ మాత్రం అక్కడే ఉంది, వెనక సరస్సు నిండుగా ఉంది. డబ్బుల్లేక మరమ్మతు చేయని ఓనరుకు వేసిన శిక్ష, ఉన్న రాబడి కూడా తీసేసింది. ఫెర్క్ ఏళ్ల తరబడి ఓపిక పట్టింది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ లైసెన్సు తీసేసే రోజున "సరస్సు మట్టం దించిన తర్వాతే" అన్న షరతు దాన్ని వెన్నంటి వచ్చి ఉండాల్సింది.

కేంద్రం తప్పుకోగానే బాధ్యత మిషిగన్ రాష్ట్రం మీద పడింది. రాష్ట్రం రూలు ప్రకారం లెక్కగట్టిన పెద్ద వరదలో సగం వదలగలిగితే చాలు. నిన్నటిదాకా ఒక రూలు కింద తప్పిన డ్యామ్, మరుసటి రోజుకు ఇంకో రూలు అంచుకు చేరింది. ఆ అక్టోబరులోనే రాష్ట్రం వాళ్లు వచ్చి చూసి, కట్ట పరిస్థితి ఫర్వాలేదని రాశారు. ఈలోగా సరస్సు ఒడ్డున ఇళ్లవాళ్లు, రెండు కౌంటీలు కలిసి ఆ నాలుగు డ్యాములను కొనేద్దామని బేరం కుదుర్చుకున్నారు. మంచి ఆలోచనే, కానీ కొనుగోలు పూర్తి కాలేదు. 2020 ఏప్రిల్ చివర, ఓనరు ముందటి రెండేళ్లు శీతాకాలంలో నీటిమట్టం దించి ఆల్చిప్పలను చంపేశాడని రాష్ట్రం కోర్టుకెక్కింది. ఓనరు కూడా కోర్టుకెక్కాడు. సరస్సు మళ్లీ వేసవి మట్టానికి నిండింది.

మూడు వారాలు తిరగలేదు. మే 17 నుంచి వాన పట్టుకుంది. మే 19 సాయంత్రం అయిదున్నర దాటాక తూర్పు వైపు కట్ట జారిపోయింది. ఆ నీళ్లు కింది శాన్‌ఫర్డ్ డ్యామ్ మీదుగా పొర్లి దాన్నీ తెంపేశాయి. 10 వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేశారు, 2,500కు పైగా కట్టడాలు దెబ్బతిన్నాయి, నష్టం దాదాపు 20 కోట్ల డాలర్లు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ముందుగా హెచ్చరించి జనాన్ని తరలించడం వల్లే అది సాధ్యమైంది. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. డ్యాముల కంపెనీ మాత్రం రెండున్నర నెలలు తిరగకముందే దివాలా పిటిషన్ వేసింది.

ఇక మీ ఇంటి సంగతి. సరస్సు ఒడ్డున ఉండేవాళ్లకూ, డ్యామ్ కింద ఉండేవాళ్లకూ ప్రమాదం ఒక్కటి కాదు. కట్ట తెగితే కిందివాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. ఒడ్డునున్నవాళ్లకు సరస్సే మాయమవుతుంది. విక్సమ్ ఒడ్డున పడవల రేవులన్నీ రాత్రికి రాత్రే బురద మీద నిలబడ్డాయి. ఆ తర్వాత డ్యాములు మళ్లీ కట్టడానికి రాష్ట్రం దాదాపు 20 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదీ చాలక, ఇంకో 20 కోట్ల పైచిలుకు ఒడ్డున ఉన్న ఆస్తుల మీద 40 ఏళ్లపాటు వసూలు చేసేలా పన్ను వేశారు. దాని మీద ఇళ్లవాళ్లు కోర్టుకు వెళ్లారు. మీరు ఇంటితో పాటు ఇలాంటి బిల్లులో వాటా కూడా కొంటున్నారేమో ముందు తెలుసుకోవాలి. కౌంటీ ఆఫీసులో అడిగితే ఆ సరస్సు మీద ప్రత్యేక పన్ను జిల్లా ఉందో లేదో చెప్తారు.

డ్యామ్ పేరు తెలిస్తే, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ల జాతీయ డ్యామ్ జాబితా ఎవరైనా చూడొచ్చు. అందులో "హై హజార్డ్" అని కనిపిస్తే హడలిపోకండి. కట్ట బలహీనంగా ఉందని దాని అర్థం కాదు, తెగితే కింద ప్రాణాలు పోతాయని అర్థం. కట్ట ఎలా ఉందన్నది పక్కన వేరే రాస్తారు. మిషిగన్‌లో హై హజార్డ్ డ్యామ్‌ను మూడేళ్లకోసారి, మధ్యరకాన్ని నాలుగేళ్లకోసారి, తక్కువ రకాన్ని అయిదేళ్లకోసారి లైసెన్సున్న ఇంజనీరు చూసి రిపోర్టు ఇవ్వాలి. కిందటి రిపోర్టు అడగండి. అందులో "చేయాల్సిన పనులు" అన్న పేజీ తీసి, అంతకు ముందు రిపోర్టులో అదే పేజీ పక్కన పెట్టుకుని చూడండి. అవే మాటలు రెండింటిలోనూ ఉంటే మీకు జవాబు దొరికినట్టే. పనులు కాలేదు, అవుతాయన్న నమ్మకం కూడా లేదు.

ఇంకో మాట. మామూలు ఇంటి ఇన్సూరెన్సు వరద నష్టం ఇవ్వదు. కేంద్రం వరద పాలసీ వేరే తీసుకోవాలి. మామూలుగా అది 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది కాబట్టి మబ్బు పట్టాక తీసుకుంటే ఉపయోగం లేదు.

కొనొచ్చా అని అడిగారు. ఓనరు రిపోర్టు చూపించి, మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలిగితే ఆలోచించండి. ఆ రెండిట్లో ఏ ఒక్కటి చెప్పలేకపోయినా మీవారికి నా మాటగా వద్దని చెప్పండి.

ప్రశ్న: ఆ వీడియో మా క్లాసులో కూడా చూశాం సార్. నీళ్లు కట్ట మీది నుంచి పొర్లలేదు. బుంగ పడి బురదనీళ్లు చిమ్మినట్టు కూడా లేదు. కట్టే ఉన్నపళంగా కిందికి జారిపోయింది. ఇలా ఎలా జరుగుతుంది? – బీటెక్ సివిల్ విద్యార్థి, కాకినాడ

బాగా గమనించావు నాయనా. అయిదుగురు స్వతంత్ర నిపుణులు రెండేళ్లు పరిశోధించి 2022 మేలో చివరి రిపోర్టు ఇచ్చారు. వాళ్లు తేల్చింది స్టాటిక్ లిక్విఫాక్షన్. భూకంపం వస్తే ఇసుక నీరైపోతుందని నీకు పాఠంలో చెప్పే ఉంటారు. ఇక్కడ భూకంపం లేదు, కేవలం నీటిమట్టం పెరిగింది.

డబ్బాలో రవ్వ పోసి పక్కన తట్టి చూడు, మట్టం దిగుతుంది. గింజల మధ్య ఖాళీ ఉంది కాబట్టి సర్దుకుంటుంది. వదులుగా పోసిన ఇసుక కూడా అంతే. కానీ ఆ ఖాళీల్లో నీళ్లు నిండి ఉంటే గింజలు సర్దుకోబోయినప్పుడు నీళ్లు అంత త్వరగా బయటికి పోలేవు. బరువంతా గింజల మీది నుంచి నీళ్ల మీదికి వస్తుంది. నీటికి నిలబడే బలం లేదు కదా. కొన్ని సెకన్లలో ఆ మట్టి అంతా చిక్కటి ద్రవంలా పారిపోతుంది. వీడియోలో కట్ట దిగువ వాలు ముందుకు ఉబ్బి, ఆ వెంటనే పైభాగం కుంగడం మళ్లీ చూడు, తెలుస్తుంది.

ఆ రోజు సరస్సు అంతకు ముందెన్నడూ చేరని మట్టానికి చేరింది. అయినా కట్ట పైఅంచుకు కిందే ఉంది. అంటే "కట్ట పొర్లకపోతే చాలు" అనుకునేవాళ్ల లెక్క తప్పింది. ఫెర్క్, రాష్ట్రం, ఓనరు అందరూ ఏళ్ల తరబడి గేట్లు ఎంత నీరు వదలగలవన్న దాని మీదే వాదులాడుకున్నారు. కట్ట లోపల మట్టి ఎలా ఉందన్నది వెనకబడిపోయింది.

మరి వదులు ఇసుక అక్కడికెలా వచ్చింది? కట్టేటప్పుడే. 1920లలో రాసుకున్న స్పెసిఫికేషన్లు ఒకటి, కొన్నిచోట్ల పోసింది ఇంకొకటి. సరిగ్గా అదమకుండా ఇసుక పోశారు, వాలు మరీ నిటారుగా వదిలేశారు. ఊటనీరు పోవడానికి కట్ట దిగువన వేయాల్సిన డ్రెయిన్లు అన్నిచోట్లా లేవు. దాదాపు వందేళ్ల పాటు చేతులు మారాయి, ఇన్‌స్పెక్షన్లు జరిగాయి, డ్రాయింగులో ఉన్నదే కట్టలోనూ ఉందనుకున్నారు. రేపు నీకు ఉద్యోగం వచ్చి పాత కట్ట అప్పగిస్తే ముందు బోరు వేయించి, ఏ లోతులో ఏ మట్టి ఉందో చూడు. బోరులో పరికరాన్ని మట్టిలోకి దించడానికి ఎన్ని సుత్తి దెబ్బలు పట్టాయో లెక్క రాసుకో. అయిదు దెబ్బలకే పరికరం జారిపోతే ఆ రాత్రి నిద్రపోకుండా పై అధికారికి రాయి.

ప్రశ్న: మా ఊరి చెరువుకు 650 ఏళ్లు. ఇప్పటికీ పంటలకు నీళ్లిస్తుంది. పాత డ్యామ్ అంటేనే ప్రమాదం అన్నట్టు పేపర్లలో రాస్తుంటే బాధగా ఉంటుంది. వయసు దోషమా? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పోరుమామిళ్ల

మాస్టారూ, మీ చెరువును తలుచుకోగానే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. వయసు దోషం కాదు. మీ ఊళ్లో భైరవుడి గుడి దగ్గర 1369 నాటి శాసనం ఉంది కదా, విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లలో చెరువు పూర్తి చేశామని అందులో రాశారు. ఒక చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. ఆ దోషాలు చదివినప్పుడల్లా ఈ శాసనం రాయించినవాళ్లు ఎన్ని కట్టలు తెగడం చూసి ఉంటారో అనిపిస్తుంది.

మొదటి దోషం కట్టలోంచి నీరు కారడం. మీ శాసనం దాన్నే అన్నిటికన్నా ముందు పెట్టింది. ఇప్పటి ఇన్‌స్పెక్షన్ ఫారాల్లో కూడా ఊట కోసం ఒక పేజీ ఉంటుంది. మరో దోషం చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. పైన మిషిగన్ కథ చదివారు కదా. కేంద్రం చేతిలోంచి రాష్ట్రం చేతికి, ఓనరు చేతిలోంచి కౌంటీల చేతికి మారే సందులోనే ఆ కట్ట జారిపోయింది. మీ శాసనకర్త ఆ సంగతి వింటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

మన దగ్గర కూడా చెరువులు ఒకప్పుడు చాలామటుకు ప్రైవేటు చేతుల్లో ఉన్నవే. రాయలసీమలో దశబంధం ఇనాం ఉండేది. చెరువు కట్టించినవాడికో బాగుచేసినవాడికో భూమి గానీ శిస్తులో వాటా గానీ ఇచ్చేవారు. అది ఊరికే ఇచ్చేది కాదు, కట్టను ఏటా చూసుకోవాలన్న షరతు దాని వెంటే ఉండేది. చూసుకోకపోతే ఇనాం పోతుంది. కోస్తాలో జమీందారీ చెరువులు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టులో, జమీందారు చెరువు బాగుచేయకపోతే రైతులు కలెక్టరుకు అర్జీ పెట్టుకునే వీలు కల్పించారు. అర్జీ పెట్టాల్సిన అవసరం వచ్చిందంటేనే అప్పటికి చెరువులు ఎలా ఉన్నాయో ఊహించుకోవచ్చు. 1948లో జమీందారీలు రద్దయి ఆ చెరువులు ప్రభుత్వానికి వచ్చేసరికి పూడిక నిండి, తూములు పాడై, అలుగులు విరిగి ఉన్నవి చాలా ఉన్నాయి. ఎస్టేటు పోతుందని తెలిసిన జమీందారు చివరి ఏళ్లలో కట్ట మీద ఒక తట్ట మట్టి వేయించాలన్నా ఎందుకు వేయిస్తాడు?

నేను సర్వీసులో చూసిన పాత కట్టల్లో బలంగా నిలిచినవి, కింద పొలం ఉన్న రైతులు ఏటా ఎండాకాలంలో ఎక్కి చూసినవే. మీ చెరువు వయసు గురించి ఎవరైనా అడిగితే, మొన్నటి ఎండాకాలం కట్టను ఎవరు చూశారో మీరు వాళ్లకు చెప్పగలిగితే చాలు.

ప్రశ్న: ప్రైవేటు డ్యాములను అంటున్నారు సరే. 2021లో మా అన్నమయ్య ప్రాజెక్టు ప్రభుత్వానిదే కదా, కొట్టుకుపోలేదా? అసలు మన దేశంలో ప్రైవేటు డ్యాములు ఉన్నాయా? – ఒక పాఠకుడు, రాజంపేట

మీ కోపం న్యాయమైంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి ఆ వరద కూడా తోడైంది. అన్నమయ్య మట్టికట్ట మీదుగా నీరు పొర్లి కోసేసింది. అయిదు గేట్లలో ఒకటి లేవలేదని కేంద్రమంత్రి రాజ్యసభలోనే చెప్పారు. పులపత్తూరు, మందపల్లి జనం చాలా నష్టపోయారు. గేటు లేవకపోవడమన్నది వరద రోజున పుట్టే సమస్య కాదు. ఏటా వానలకు ముందు ప్రతి గేటునూ పూర్తిగా ఎత్తి దించి చూస్తే ఆ లోపం మే నెలలోనే బయటపడుతుంది. ప్రభుత్వానిదైనా, కంపెనీదైనా గేటుకు తేడా తెలియదు. తేడా ఒక్కటే. ప్రభుత్వం దివాలా తీసి వెళ్లిపోదు. కాబట్టి అడగడానికి మీకు ఎవరో ఒకరు మిగులుతారు. అడగడం మానకండి.

మన దేశంలో ప్రైవేటు డ్యాములు ఉన్నాయి. బాగా తెలిసినవి టాటాలవి. ముంబైకి కరెంటు ఇవ్వడానికి పశ్చిమ కనుమల్లో కట్టిన వల్వన్, షిరావ్తా, ఠోకర్‌వాడి, ముల్షి డ్యాములు ఇప్పటికీ టాటా పవర్ చేతుల్లో ఉన్నాయి. ఖోపోలి కరెంటు కేంద్రం 1915లో, భివ్‌పురి 1922లో, భీరా 1927లో మొదలయ్యాయి. అంటే ఈడెన్‌విల్ ఈడువే. ముల్షి కింద భూములు పోయిన రైతులు సేనాపతి బాపట్ నాయకత్వంలో సత్యాగ్రహం చేశారు, అది వేరే చరిత్ర. భద్రత వరకు చూస్తే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ డ్యాములు నేటికీ కరెంటు అమ్మి రాబడి తెస్తున్నాయి. రాబడి ఉన్నప్పుడు మరమ్మతు అడగొచ్చు. పని అయిపోయి రాబడి ఆగిన ప్రైవేటు డ్యాములే నన్ను ఎక్కువ కలవరపెడతాయి.

2021 డిసెంబరులో వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రభుత్వానికీ కంపెనీకీ ఒకేలా వర్తిస్తుంది. 15 మీటర్లకు పైబడిన డ్యాములన్నీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో పొడవు, నిల్వ, వరద వంటి కొలతలు దాటినవీ దీని కిందికి వస్తాయి. అలాంటివి దేశంలో 6 వేలకు పైగా ఉన్నాయి. ప్రతి ఓనరూ సొంతంగా డ్యామ్ సేఫ్టీ యూనిట్ పెట్టాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసి రిపోర్టు ఇవ్వాలి. అత్యవసర ప్రణాళిక తయారు చేయాలి. ఆదేశాలు పాటించకపోతే ఏడాది దాకా, దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల దాకా జైలు. మేడిగడ్డ బ్యారేజీ కుంగినప్పుడు పేపర్లలో చూసిన ఎన్‌డీఎస్‌ఏ, అంటే జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ, ఈ చట్టం పెట్టిందే.

ఇందులో నాకు లోటుగా కనిపించేది ఒకటుంది. ఓనరు డబ్బుల్లేవని చేతులెత్తేస్తే ఆ రోజు నుంచి మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టాలి, ఎంత త్వరగా పెట్టాలి అన్నది ప్రతి డ్యామ్‌కూ ముందే కాగితం మీద తేల్చి ఉంచాలి. జైలు శిక్షతో కట్ట గట్టిపడదు.

ప్రశ్న: మా తాత కట్టించిన కుంట మా పట్టా భూమిలోనే ఉంది. కట్ట మనిషికి రెండింతల ఎత్తు. కింద మా పొలం, తర్వాత కొన్ని ఇళ్లు. చేపలకు లీజుకిచ్చాం. లీజుదారు చేపలు పోకుండా మత్తడికి ఇనుప జాలీ కట్టాడు, నీళ్లు ఎక్కువ నిలవాలని పైన ఇసుక బస్తాలు పేర్చాడు. కట్ట మీద సర్కారు తుమ్మలు అడవిలా పెరిగాయి. కింద ఒకచోట ఎండాకాలంలో కూడా తడిగా ఉంటుంది. జేసీబీ పెట్టి చెట్లన్నీ పీకించమంటారా? – ఒక రైతు, వనపర్తి జిల్లా

జేసీబీని ఇప్పుడే పిలవకండి. ముందు జాలీ, బస్తాలు ఈరోజే తీయించండి. లీజుదారు ఒప్పుకోకపోతే లీజు డబ్బు వాపసు ఇచ్చి అయినా సరే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అమెరికాలోనే పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అనే డ్యామ్ ఉండేది. కాలువ కోసం రాష్ట్రం కట్టింది, అవసరం తీరాక ప్రైవేటు చేతుల్లోకి పోయింది. ఒక ఓనరు అడుగున నీళ్లు వదిలే ఇనుప గొట్టాలు పీకి తుక్కు కింద అమ్ముకున్నాడు. తర్వాత పిట్స్‌బర్గ్ ధనవంతుల క్లబ్బు కొనుక్కుంది. ఆండ్రూ కార్నెగీ కూడా అందులో సభ్యుడు. ఆ గొట్టాలు మళ్లీ వేయలేదు. గుర్రపుబండ్లు పోవడానికి కట్ట పైభాగం కొంచెం దించి వెడల్పు చేశారు. వదిలిన చేపలు పోకుండా అలుగుకు ఇనుప జాలీలు కట్టారు, అచ్చం మీ లీజుదారులాగే. 1889 మే 31న పెద్ద వానకు కొట్టుకొచ్చిన చెత్త, కొమ్మలు ఆ జాలీలకు అడ్డం పడ్డాయి. నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి. 14 మైళ్ల కిందనున్న జాన్స్‌టౌన్ దాకా సాగిన ఆ వరదలో 2,200 మందికి పైగా చనిపోయారు. క్లబ్బు మీద పడ్డ కేసులు ఒక్కటీ నిలవలేదు.

మీ కుంట అంత పెద్దది కాదు. కానీ కింద ఇళ్లు ఉన్నాయని మీరే రాశారు. మత్తడి ఎత్తు పెంచితే, కట్టకూ నీళ్లకూ మధ్య మీ తాతగారు వదిలిన ఖాళీ అంత మేర తగ్గుతుంది.

రెండోది ఆ తడి. ఊట ఉన్నంత మాత్రాన కట్ట తెగదు, మట్టికట్ట కొంచెం కారుతుంది. తేలాల్సింది అది తేటగా వస్తోందా, మట్టిని తెస్తోందా అన్నది. అక్కడ చిన్న గుంట తీసి నీరు చేరనివ్వండి. గాజు గ్లాసులో పట్టి తెల్లారేదాకా కదపకుండా ఉంచండి. అడుగున ఏమీ లేకపోతే ఫర్వాలేదు. సన్నటి మట్టి పేరుకుంటే కట్ట లోపలి నుంచి కొట్టుకొస్తోందన్న మాట, బుంగ పడడం అలాగే మొదలవుతుంది. ఊట ఎంతుందో కూడా కొలవండి. బిందె నిండడానికి ఎంతసేపు పడుతోంది, ఆ రోజు కుంటలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, రెండూ ఒక నోటుబుక్కులో రాయండి. నీటిమట్టం అంతే ఉండి బిందె త్వరగా నిండడం మొదలైతే ఆలస్యం చేయొద్దు. మట్టి వస్తుంటే ఆ తడి మీద బంకమట్టి వేసి మూసేయాలనిపిస్తుంది, అది పొరపాటు. మూస్తే నీళ్లు పక్కన ఇంకో దారి వెతుక్కుంటాయి. మొదట ఇసుక, దాని మీద సన్న కంకర, పైన పెద్ద కంకర పరవండి. నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. వెంటనే తూము తెరిచి కుంట మట్టం దించండి.

చెట్ల సంగతి. సర్కారు తుమ్మ వేళ్లు కట్టలోకి లోతుగా దిగుతాయి. కుంట నిండుగా ఉన్నప్పుడు జేసీబీతో వేళ్లతో సహా పీకితే, వేరు ఉన్న చోట గుంటలు పడి అవే నీళ్లకు దారులవుతాయి. నరికి మొదలు వదిలేస్తే కొన్నేళ్లకు వేరు కుళ్లి లోపల సొరంగం మిగులుతుంది. కుంట ఎండిన నెలల్లో చిన్నవాటిని నరికి చిగురు వేయకుండా చూడండి. లావు చెట్లను ఒక్కొక్కటిగా వేరుముద్దతో తవ్వి, ఆ గుంతను పొరలు పొరలుగా మట్టి వేసి, తడిపి, దిమ్మిస చేయించండి. కట్ట మీద గడ్డి పెరగనివ్వండి, గడ్డి మంచిదే. ఎండ్రకాయల, పందికొక్కుల బొరియలు కనిపిస్తే అవి కూడా ఇలాగే తవ్వి పూడ్చాలి.

మండలంలో ఇరిగేషన్ ఏఈని ఒకసారి తీసుకొచ్చి చూపించండి. సొంత కుంట కదా, మాకేం పని అంటే, కింద ఇళ్లున్నాయని కాగితం మీద రాసి ఇచ్చి దానికి రసీదు తీసుకోండి. ఆ ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు మీ ఫోన్‌లో ఉండాలి, మీ నంబరు వాళ్ల దగ్గర ఉండాలి. రాత్రిపూట మత్తడి జోరుగా దుంకుతుంటే కట్ట మీదికి టార్చితో ఎవరు వెళ్తారో, ఫోన్లు ఎవరు చేస్తారో వానలకు ముందే మీ ఇంట్లో అనుకుని ఉంచండి. ఒక్కరే వెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి.